నేనే చేశాను సార్

నరసరావుపేటలో డిగ్రీ చదివే రోజుల్లో మధ్యాహ్నం కాలేజీ వదలగానే నేను ఇంటికి పోయేదాన్ని కాదు. కోర్టు దగ్గర ఒక జిరాక్స్ షాపు ఉండేది, అక్కడికి పోయేదాన్ని. వకీళ్ళ గుమాస్తాలు కాగితాల కట్టలతో ఒక పక్క, స్కాలర్‌షిప్ అప్లికేషన్లు పెట్టుకునే పిల్లలు ఇంకో పక్క, పింఛను కాగితాలు సంచిలో పెట్టుకొచ్చిన ముసలివాళ్ళు మెట్ల మీద. ఆ షాపు నడిపే ఆవిడ్ని అందరం ఆంటీ అనేవాళ్ళం. ఆంటీకి జిరాక్స్ మిషను విప్పి బిగించడం వచ్చు, స్పైరల్ బైండింగ్ వచ్చు, ఎవరైనా గట్టిగా మాట్లాడితే వాళ్ళకంటే గట్టిగా మాట్లాడడం వచ్చు. కంప్యూటరు మాత్రం ఆవిడకి పడదు. "అది నా మాట వినదమ్మా" అనేది.

అందుకే మమ్మల్ని పెట్టుకుంది. నన్నూ, నా స్నేహితురాల్నీ.

తనది నూజెండ్ల పక్క పల్లె. మిరప, పత్తి వేసే ఇల్లు. పేటలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేది. మాది పేటే. మా నాన్నని మేం అబ్బా అంటాం, ఆయన మోటార్ల మెకానిక్. కాలిపోయిన బోరు మోటార్లు తెస్తే లోపలి రాగితీగంతా పీకేసి, కొత్త తీగతో వైండింగ్ చుట్టి, వార్నిష్ పోసి ఎండలో ఆరబెట్టేవాడు. ఇంటికొచ్చినా ఆయన ఒంటి మీద ఆ వార్నిష్ వాసన పోయేది కాదు. మేమిద్దరం బీఎస్సీ కంప్యూటర్స్. ఇద్దరిళ్ళల్లోనూ కంప్యూటరు లేదు. కాలేజీ ల్యాబులో వారానికి రెండు గంటలు కూర్చోనిచ్చేవాళ్ళు, అదీ కరెంటుంటే.

ఆంటీతో ఒప్పందం ఏందంటే, జనం ఉన్నంతసేపు మేం అప్లికేషన్లు నింపి పెట్టాలి. జనం లేనప్పుడు గోడవారనున్న మూడో కంప్యూటరు మాది. దాని ఎంటర్ మీట రెండుసార్లు కొడితేగాని పడేది కాదు. దాని ముందు ఒక్క స్టూలే పట్టేది. ఇద్దరం చెరి సగం కూర్చునేవాళ్ళం. తను ఎడమ పక్క, నేను కుడి పక్క. మౌసు నా చేతిలో ఉండేది, ఎక్కడ నొక్కాలో తను చెప్పేది.

ఫారాలు నింపడంలో నేర్చుకునేదేముంది అనుకుంటారు. ఆర్నెల్లు నింపి చూడండి, ఆ వెబ్‌సైట్లన్నీ వీధిలో మనుషుల్లాగా తెలిసిపోతాయి. ఒకటి పుట్టిన తేదీ తప్పు కొడితే ఒప్పుకోదు. ఇంకోటి ఏం కొట్టినా ఊరుకుంటుంది. ఫోన్ నంబరు రాయాల్సిన గడిలో అక్షరాలు కొట్టినా తీసుకునే సైటు ఒకటి ఉండేది. పొరపాటున ఎవరి పేరో కొడితే అది కిమ్మనకుండా తీసుకుని, అప్లికేషన్ విజయవంతంగా అందిందని చెప్పింది. నేను పడీపడీ నవ్వాను. తను నవ్వలేదు. తెర వంకే చూస్తా కూర్చుంది.

"ఇదేందే, మనం ఏం రాస్తే అది నమ్ముతోంది?" అంది.

ఆ తర్వాత చాలా ఏళ్ళకి, మెడలో కార్డులు వేసుకుని కూర్చునే పెద్ద పెద్ద శిక్షణ తరగతుల్లో మొదటి పాఠం కింద అదే మాట విన్నాను. బయటినుంచి వచ్చే దేన్నీ నమ్మొద్దు. తెర మీద పెద్దక్షరాలతో చూపించి ఇంగ్లీషులో చెప్పారు. నాకది పల్నాటి యాసలో, ఒక పల్లెటూరి పిల్ల గొంతులో వినపడింది.

ఆ రోజు నుంచి తనకదే పిచ్చి. ఏ సైటు దేన్ని నమ్ముతుంది, దేన్ని నమ్మదు. పేజీ మీద కుడి మీట నొక్కితే ఆ పేజీ వెనక రాసిందంతా కనపడుతుందని మేం ఒక వీడియోలో చూశాం. ఇంగ్లీషు వీడియో. ఇద్దరిదీ తెలుగు మీడియం. ఒక వాక్యం విని ఆపేవాళ్ళం, మళ్ళీ విని ఆపేవాళ్ళం. అర్థం కాని మాటల్ని పొడుగు నోట్‌బుక్కులో రాసుకుని పక్కన తెలుగులో మాకు తోచింది రాసుకునేవాళ్ళం. కుకీ అన్న మాట పక్కన తను "గుర్తుపట్టే చీటీ" అని రాసింది. సెషన్ పక్కన "లోపలున్నంతసేపు" అని రాసింది. ఇప్పటికీ కొత్తగా చేరిన పిల్లలకి నేను అవే మాటల్తో చెప్తాను. అంతకంటే తేలిగ్గా చెప్పిన పుస్తకం నాకు దొరకలేదు.

తనకి నాకంటే బాగా వచ్చేది. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు. నేను చూసింది చూసినట్టు చేసేదాన్ని. తను ముందు కళ్ళు మూసుకునేది. "ఆగవే, ఇది కట్టినవాడు ఏమనుకుని కట్టుంటాడు?" అనేది. కాసేపటికి కళ్ళు తెరిచి "ఇక్కడ నొక్కు" అనేది. పదిసార్లలో ఏడెనిమిదిసార్లు అక్కడే ఏదో ఒకటి ఉండేది. ఆంటీ దూరం నుంచి చూసి, "ఈ పిల్ల కంప్యూటరుకి సోది చెప్తోంది" అని నవ్వేది.

రెండో ఏడాది పరీక్షల ముందు మా కాలేజీ కొత్త వెబ్‌సైటు పెట్టింది. హాల్ టికెట్లు అందులోంచే తీసుకోవాలన్నారు. మా క్లాసు పిల్లలంతా ఆంటీ షాపు మీద పడ్డారు. వాళ్ళందరివీ తీసి, చివర్న మావి తీసుకుంటున్నాం. నా హాల్ టికెట్ తెర మీద ఉంది. తను పైన అడ్రసు ఉండే గడి వంక చూస్తోంది. అందులో చివర్న నా నంబరు ఉంది.

"ఆ చివరి అంకె మార్చి కొట్టు" అంది.

కొట్టాను. ఎంటర్ రెండుసార్లు. నా హాల్ టికెట్ పోయి, మా వెనక బెంచీ అమ్మాయిది వచ్చింది. ఫోటో, తండ్రి పేరు, ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు, ఆధార్ నంబరు, అన్నీ. ఎవరూ పాస్‌వర్డ్ అడగలేదు. ఇంకో అంకె మార్చాను. ఇంకో అమ్మాయి.

"ఇంక మూసేస్తానే తల్లీ" అన్నాను.

తను మూయనిచ్చింది. కానీ వదల్లేదు. ఆ నెలలో మా క్లాసులో ఒకమ్మాయికి ఎవడో ఫోన్లు చేసి విసిగిస్తున్నాడు. నంబరు వాడికెలా దొరికిందో తెలీక ఇంట్లోవాళ్ళు ఆ అమ్మాయినే తిట్టి, ఫోన్ లాక్కున్నారు. వాడికి ఇందులోనే దొరికిందో లేదో మాకు తెలీదు. కానీ తను ఆ మాటే పట్టుకుంది. "ఆడపిల్లల నంబర్లన్నీ ఇందులో ఉన్నాయి గదే. మనకి దొరికింది, ఇంకొకడికి దొరకదా? చెప్పాలి" అంది.

తెల్ల కాగితం మీద తెలుగులో ఉత్తరం రాశాం. ఫలానా చోట ఫలానా లోపం ఉంది, బాగు చేయించండి, ఇట్లు మీ విద్యార్థినులు అని. కింద ఇద్దరి సంతకాలూ పెట్టాం. దస్తూరి తనది. మర్నాడు ఆఫీసులో ఇచ్చాం.

మెచ్చుకుంటారనుకున్నాను. దాచడమెందుకు, కాలేజీ అసెంబ్లీలో చప్పట్లు కొట్టిస్తారేమో అని కూడా అనుకున్నాను.

రెండో రోజు ప్రిన్సిపాల్ గదికి పిలిచారు. వెళ్ళేసరికి మా అబ్బా అక్కడే ఉన్నాడు. దుకాణం నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చేతులకి వార్నిష్ మరకలు. ఇంకో పక్క తెల్ల చొక్కా వేసుకుని, బస్సు దిగి వచ్చిన మనిషి చెమట తుడుచుకుంటా నిలబడి ఉన్నాడు. తన నాన్న. ఆయన్ని నేను చూడ్డం అదే మొదలు.

ప్రిన్సిపాల్ మా ఉత్తరాన్ని బల్ల మీద పెట్టి, "ఇది సైబర్ క్రైం, తెలుసా మీకు? పోలీసుల్ని పిలిస్తే మీ పిల్లల బతుకులేమవుతాయో ఆలోచించారా?" అని మా వాళ్ళనడిగారు. వెబ్‌సైటు కట్టిన కంపెనీ మనిషి కూడా ఒకాయన కూర్చుని ఉన్నాడు. సైటులో ఏ లోపమూ లేదనీ, వీళ్ళు హ్యాక్ చేశారనీ ఆయన చెప్తున్నాడు. "ఎవరు చేశారు? ఎవరు నేర్పారు? చెప్పండి" అన్నారు ప్రిన్సిపాల్.



"నేనే చేశాను సార్" అంది తను. "నాకు ఎవరూ నేర్పలా. నేనే కనిపెట్టా. ఆ అమ్మాయి పక్కన కూర్చుంది, అంతే."

నేను తన వంక చూడలేదు. ఆ రోజు షాపులో మౌసు నా చేతిలో ఉంది. అంకె మార్చి కొట్టింది నేను. కాగితం మీద నా సంతకం కూడా ఉంది. అయినా నేను ఒక్క మాట అనలేదు. ఆ గదిలో ఎంతసేపున్నామో గుర్తు లేదు గాని, పైన తిరిగే ఫ్యాను రెక్కల్లో ఒకటి వంకరగా ఉండటం గుర్తుంది. అంతసేపూ నేను దాన్నే చూశాను.

మా పెద్దవాళ్ళల్లో అబ్బా ఒక్కడే మాట్లాడాడు. "సార్, పిల్లలు ఏమన్నా తీసుకున్నారా?"

"తీసుకోలేదు. కానీ..."

"రోడ్డు మీద కరెంటు తీగ తెగి పడిందని ఆఫీసుకొచ్చి చెప్పినోడి మీద కేసు పెడతారా సార్?"

దానికి ప్రిన్సిపాల్ ఏదో అన్నారు. కాలేజీ పరువు అనో, ఏదో. చివరికి ఇద్దరి చేతా క్షమాపణ రాయించుకుని, పరీక్షలకి మాత్రం కూర్చోనిస్తామన్నారు. తన నాన్న ఆ గదిలో నోరు విప్పలేదు. బయటికొచ్చాక కూతుర్ని తిట్టలేదు, కొట్టలేదు. "పద" అన్నాడు అంతే. తను నా వంక చూసింది. ఏదో చెప్పబోయినట్టే అనిపించింది. ఆటో ఎక్కి వెళ్ళిపోయారు.

పరీక్షలకి తను రాలేదు. టీసీ తీసుకెళ్ళారని తర్వాత తెలిసింది. మేనత్త ఇంటికి వెళ్తే, గుమ్మంలోనే నిలబెట్టి, "ఇంక ఇటు రాకమ్మా, ఆ పిల్లకి సంబంధాలు చూస్తున్నారు" అంది. తనకి సొంత ఫోను లేదు. మేనత్త ఫోనుకి చేయడానికి నాకు ధైర్యం చాలలేదు.

ప్రిన్సిపాల్ పిలిపించిన రోజు ఇంటికొచ్చాక అబ్బా నన్ను కోప్పడలేదు. భోజనం చేస్తా చేస్తా, "ఆ పిల్ల నీ పేరు రాకుండా చూసింది. నువ్వేమీ అనలేదేం బేటీ?" అన్నాడు. అమ్మీ గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. నేను కంచంలో అన్నం కలుపుతూనే ఉన్నాను. అబ్బా మళ్ళీ ఎప్పుడూ ఆ మాట అడగలేదు.

నేను ఆంటీ షాపుకి మాత్రం పోతూనే ఉన్నాను. స్టూలు మీద చోటు ఎక్కువైంది. పక్కన చెప్పేవాళ్ళు లేకపోవడంతో, తను చేసినట్టే కళ్ళు మూసుకుని, ఇది కట్టినవాడు ఏమనుకుని కట్టుంటాడు అని ఆలోచించడం అలవాటు చేసుకున్నాను. నాకది అంత తొందరగా రాలేదు. తను ఒక్క నిమిషంలో చూసేది నాకు ఒక మధ్యాహ్నమంతా పట్టేది.

కొన్ని కంపెనీలు తమ వెబ్‌సైట్లలో తప్పులు వెతకమని బయటివాళ్ళని వాళ్ళే పిలుస్తారనీ, పట్టించినవాళ్ళకి బహుమానం ఇస్తారనీ, పేర్లు తమ సైట్లోనే పెట్టి కృతజ్ఞతలు చెప్తారనీ ఆ ఏడాదే నాకు తెలిసింది. చదివి, నమ్మకం కలక్క మూడుసార్లు చదివాను. చెప్తే పోలీసుల్ని పిలవరా? థాంక్యూ అంటారా?

మొదట పంపినవన్నీ తిరిగొచ్చాయి. ఇది తప్పు కాదు అని ఒకటి. ఇది మీకంటే ముందే ఇంకొకరు చెప్పారు అని ఇంకొకటి. నా ఇంగ్లీషు అర్థం కావట్లేదు, మళ్ళీ రాయండి అని ఒకటి. ఎనిమిదో నెలలో అనుకుంటా, టికెట్లు అమ్మే ఒక కంపెనీ సైట్లో నాకొకటి దొరికింది. ఒకరి టికెట్ ఇంకొకరికి కనపడుతోంది. నేరుగా అంకె మారిస్తే దొరకదు, వాళ్ళు కాస్త దాచారు. కానీ దాచిన పద్ధతి వెనక ఒక లెక్క ఉంది. ఆ లెక్కని విప్పే ఉపాయం నాది కాదు. షాపులోనే ఉండిపోయిన మా నోట్‌బుక్కులో తను రెండు పేజీల్లో ఎప్పుడో రాసి పెట్టింది, "ఎప్పుడన్నా పనికొస్తుంది" అని కింద గీత కూడా గీసింది. ఆ పేజీలు ముందు పెట్టుకునే రిపోర్టు రాశాను.

వాళ్ళు ఒప్పుకున్నారు. ధన్యవాదాల పేజీలో పెట్టడానికి పేరు ఎలా రాయాలో చెప్పమని అడిగారు. నా ఒక్కదాని పేరే రాసి పంపాను. తన పేరు రాయడం మర్చిపోలేదు. గుర్తొచ్చింది. రాయలేదు. తన ఊరివాళ్ళకి తెలిస్తే మళ్ళీ గొడవవుతుందేమో అని నాకు నేనే ఒక సాకు చెప్పుకున్నాను. ఆ సాకు చాలా ఏళ్ళు పనికొచ్చింది.

అక్కడి నుంచి దారి దొరికింది. బహుమానంతో ఒక పాత ల్యాప్‌టాప్ కొనుక్కున్నాను. డిగ్రీ పూర్తయ్యేసరికి అలాంటి పేజీల్లో నా పేరు చాలా చోట్ల ఉంది. అడిగినవాళ్ళ సైట్లలో లోపాలు వెతికిపెట్టే హైదరాబాదు కంపెనీ ఒకటి ఇంటర్వ్యూకి పిలిచింది. ఇంజనీరింగ్ చదివిన పిల్లల మధ్య నేనొక్కదాన్నే బీఎస్సీ. "ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగారు. "జిరాక్స్ షాపులో సార్" అన్నాను. వాళ్ళు నవ్వారు, హాస్యమాడాననుకుని. ఒక కంప్యూటరిచ్చి లోపలికి దారి వెతకమన్నారు. వాళ్ళిచ్చిన గడువులో సగానికే దొరికింది. ఉద్యోగమిచ్చారు.

అమ్మీ మొదట ఒప్పుకోలేదు. అబ్బా నాతోపాటు హైదరాబాదు వచ్చి, హాస్టలు చూసి, ఆఫీసు బయట నిలబడి పైకీ కిందకీ చూసి, "వాళ్ళే తాళం వేయించుకుని, మళ్ళీ మిమ్మల్ని తియ్యమంటారన్నమాట" అన్నాడు. అవునన్నాను. "కాగితం రాసిస్తారుగా, తియ్యమని?" రాసిస్తారన్నాను. "అయితే పర్లేదు" అని సాయంత్రం బండికి పేటకి పోయాడు. తర్వాత దుకాణంలో ఎవరన్నా అడిగితే, మా అమ్మాయి కంప్యూటర్లకి వైండింగ్ చేస్తది అని చెప్తున్నాడని అమ్మీ ఫోన్లో చెప్పింది.

ఆరేళ్ళలో ఆ కంపెనీలో ఒక జట్టుకి పెద్దనయ్యాను. సింగపూరులో వేదికెక్కి మాట్లాడాను. ఒకసారి ఒక పెద్ద ఆస్పత్రుల కంపెనీకి పని చేశాం. రోగుల రిపోర్టులన్నీ బయటికి కనపడుతున్నాయి. విషయం చూస్తే అదే, చివరి అంకె మార్చడం. అద్దాల గదిలో వాళ్ళ పెద్దలందరి ముందు చూపించాను. ఒకాయన ముఖం తెల్లబోయింది. "ఎంత తొందరగా బాగు చేయొచ్చు? మీరేం కావాలంటే అది ఇస్తాం" అన్నాడు. ఎవరూ అరవలేదు. క్షమాపణ రాయమనలేదు. అందరూ లేచి నిలబడి చేతులు కలిపారు. ఆ సంబరంలో నేను అలవాటుగా ఎడమ పక్కకి తిరిగాను. అక్కడ మా జట్టు కుర్రాడొకడు ల్యాప్‌టాప్ వైర్లు చుట్టుకుంటున్నాడు.

లోపం దొరికినప్పుడల్లా అదే జరిగేది. దొరికిన మొదటి క్షణం చానా బాగుండేది. రెండో క్షణంలో చెప్పుకోవడానికి మనిషి కావాలి. మా జట్టులో తెలివైనవాళ్ళు చాలామంది ఉన్నారు, మంచివాళ్ళు కూడా. వాళ్ళు "సూపర్ మేడమ్" అంటారు. "ఇదేందే" అనరు.

తనని వెతకొచ్చు గదా అని మీకనిపిస్తుంది. మనుషుల్ని వెతకడం నా పనిలో భాగం. పేరూ, ఊరూ తెలిస్తే ఒక పూట చాలు. చాలాసార్లు పేరు కొట్టి, వెతుకు అన్న మీట నొక్కకుండా చెరిపేశాను. ఎవరి వివరాలన్నా వాళ్ళకి తెలీకుండా ఇంకొకరి చేతిలో పడకూడదని మొదట అన్నది తనే. తన మీదే ఆ పని చేయడం నాకు చేతకాలేదు. అది మంచితనం అని అప్పుడనుకున్నాను. ఎక్కువ పాలు భయమే.

పోయినేడు మా కాలేజీవాళ్ళు ఫోన్ చేశారు. ప్రిన్సిపాల్ మారారు. పూర్వ విద్యార్థినిగా వచ్చి పిల్లలతో మాట్లాడమన్నారు. వెళ్ళాను. శాలువా కప్పారు, పూలగుచ్ఛం ఇచ్చారు. నన్ను పరిచయం చేస్తూ, ఈ కాలేజీయే ఆమెకి మొదటి మెట్టు అన్నారు. మైకు నా చేతికొచ్చాక రాసుకొచ్చింది పక్కన పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. కాలేజీని తిట్టలేదు. లోపం కనిపెట్టింది ఇంకో అమ్మాయనీ, ఆ రోజు గదిలో మా ఇద్దర్లో తను ఒక్కతే మాట్లాడిందనీ, నేను ఫ్యాను వంక చూస్తా నిలబడ్డాననీ చెప్పాను. పిల్లలు గొడవ చేయకుండా విన్నారు. చివర్న ఒకమ్మాయి లేచి, "ఆ అక్క ఇప్పుడెక్కడుంది మేడమ్?" అని అడిగింది.

"తెలీదు" అన్నాను.

అక్కడి నుంచి నేరుగా ఆంటీ షాపుకి పోయాను. పేటకొచ్చినప్పుడల్లా పోతూనే ఉన్నాను, కొత్తేం కాదు. ఆంటీ ఆధార్ కార్డు లామినేషన్ చేస్తోంది. కాలేజీలో ఏం చెప్పానో చెప్పాను. ఆ పిల్ల అడిగిన ప్రశ్న కూడా చెప్పాను.

ఆంటీ తలెత్తకుండానే, "గురజాలలో ఉంది గదమ్మా. బళ్ళో లెక్కలు చెప్తది. పండగలకీ పబ్బాలకీ నాకు ఫోన్ చేస్తానే ఉంటది" అంది.

"మీ దగ్గర నంబరుందా ఆంటీ? ఇన్నేళ్ళ నుంచీ?"

"ఉంది."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

ఆంటీ కార్డు తీసి అంచులు కత్తిరించింది. "నువ్వెప్పుడు అడిగావు?" అంది.

మర్నాడు గురజాల బస్సెక్కాను. ముందు రోజే ఆంటీయే ఫోన్ చేసి నేనొస్తున్నానని చెప్పింది. నేను మాట్లాడలేదు. పిడుగురాళ్ళ దగ్గర సున్నపు బట్టీల పక్కనుంచి పోతుంటే చెట్ల ఆకులన్నీ తెల్లగా ఉన్నాయి. కిటికీ మూయమని వెనకామె అంటున్నా నాకు వినపడలేదు. ఏం మాట్లాడాలో వరసగా పేర్చుకుంటున్నాను. నాలుగైదు రకాలుగా పేర్చుకున్నాను.

చిన్న ప్రైవేటు బడి. నాపరాళ్ళు పరిచిన వరండా. తను క్లాసులోంచి చేతులకంటిన చాక్‌పీసు పొడి దులుపుకుంటా వచ్చింది. కాస్త ఒళ్ళు చేసింది. కళ్ళద్దాలొచ్చాయి. దగ్గరికొచ్చి నన్ను పైనుంచి కిందకి చూసి, "ఏమే, ఇంత సన్నబడ్డావేందే? హైదరాబాదులో తిండి పెట్టరా?" అంది. నేను పేర్చుకున్న మాటలన్నీ పోయాయి. ఇద్దరం వరండా అరుగు మీద కూర్చున్నాం.

పెళ్ళయిందట. ఆయనకి పురుగుమందుల షాపు. ఒక పాప. ఆగిపోయిన డిగ్రీని ప్రైవేటుగా కట్టి పూర్తి చేసిందట. పిల్లలకి లెక్కలతోపాటు కంప్యూటరు కూడా తనే చెప్తుందట. మధ్యాహ్నం బ్రేకు కావడంతో పిల్లలు మా చుట్టూ తిరుగుతున్నారు. వాళ్ళని "పోండిరా, తినండి పోయి" అని తోలింది.

"ఆ రోజు నేనేం మాట్లాడలేదు" అన్నాను. "నన్ను కాపాడ్డానికి నువ్వు నీ మీద వేసుకున్నావు. నీ చదువు పోయింది."

తను నా వంక వింతగా చూసింది. "నిన్ను కాపాడ్డానికా? ఎవరు చెప్పారే నీకు?" అంది. తర్వాత నవ్వింది. "కనిపెట్టింది నేనే గదా. అంతమంది మగాళ్ళు కూర్చుని, సైటులో ఏం లోపం లేదు అంటుంటే నాకు ఒళ్ళు మండింది. నేనే చేశానని చెప్పుకోవాలనిపించింది. గొప్పకి చెప్పానే. నువ్వు మధ్యలో దూరి ఇద్దరం చేశామనుంటే నాకు కోపమొచ్చేది."

ఎనిమిదేళ్ళు మోసింది ఇదా అనిపించింది.

"మా నాన్న కూడా ఇంటికి పోయేదాకా ఏమనలా" అంది. "బస్సులో మాత్రం, నిజంగా నువ్వే కనిపెట్టావా అని అడిగాడు. అవునన్నా. చదువు మాన్పించాడనుకో. అయినా ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాడు, మా పిల్ల కాలేజీ కంప్యూటరునే పట్టేసిందని."

కాసేపు ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత తను నవ్వు ఆపి, చీర కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటా అడిగింది.

"ఆ టికెట్ల కంపెనీది. మొదటిది. మన నోట్‌బుక్కు ముందు పెట్టుకుని రాశావని ఆంటీ చెప్తే ఆ పేజీ తెరిచి చూశా. అది నా లెక్కేగా?"

"అవును."

"పేరు ఒక్కటే పెట్టావు."

గొంతులో కోపం లేదు. లెక్కల బుక్కులో తప్పు దగ్గర గీత గీసినట్టు చెప్పింది, అంతే. నేను అవునన్నాను. ఎందుకో కూడా చెప్పబోయాను. ఆ సాకు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "రాయాలని గుర్తొచ్చింది. రాయలేదు" అన్నాను.

తను తలూపింది. "అదొక్కటే బాధపడ్డా" అంది.

మాతో కలిసి పని చెయ్యమని అడిగాను. ఇంటి నుంచే చెయ్యొచ్చనీ, పరీక్ష పెట్టకుండానే తీసుకుంటామనీ చెప్పాను. నాకు బడి బాగుందే అంది. ల్యాప్‌టాప్ తెరిచి మేం నెల రోజులుగా తేల్చుకోలేక పోతున్న ఒక సైటు సంగతి చూపించాను, ఊరికే. తను కళ్ళు మూసుకుంది. బెల్లు కొట్టారు. కళ్ళు తెరిచి, "ఈ రెండో గడిని ఎందుకు నమ్ముతున్నారో అడుగు వాళ్ళని. సరే, క్లాసుంది" అని లేచింది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చి, నా చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని లోపలికి పోయింది. లోపల పిల్లలంతా ఒక్కసారి గుడ్ ఆఫ్టర్‌నూన్ చెప్పడం వినపడింది.

రెండో గడి గురించే అడిగాం. లోపం అక్కడే ఉంది.

హైదరాబాదు వచ్చాక ఆ టికెట్ల కంపెనీకి ఉత్తరం రాశాను. ఫలానా రిపోర్టులో ఉపాయం ఫలానా ఆమెది, ధన్యవాదాల పేజీలో ఆమె పేరు కూడా చేర్చండి అని. వారం తర్వాత మర్యాదగా జవాబొచ్చింది. కంపెనీ చేతులు మారింది, పాత జాబితాలు మార్చే వీలు లేదు, అర్థం చేసుకోగలరు అని. ఆదివారం ఫోన్ చేసి తనకి చెప్పాను.

"పోనీలేవే, అడిగావుగా" అంది. "పరీక్ష పేపర్లు దిద్దుకోవాలి, ఉంటా మరి."

వేసవి సెలవుల్లో పాపని తీసుకుని మా ఇంటికి రమ్మన్నాను. చార్మినారు చూపిస్తానన్నాను. నిజానికి నాకు కావాల్సింది ఒక్క మధ్యాహ్నం, తను నా పక్కన కూర్చుని ఎక్కడ నొక్కాలో చెప్పడం. అది మాత్రం అనలేదు.

"చూద్దాంలే" అంది.

మా వైపు చూద్దాంలే అంటే వస్తామనీ కాదు, రామనీ కాదు. ఇప్పుడు మార్చి నెల. బళ్ళకి సెలవులివ్వడానికి ఇంకా ఆరు వారాలుంది.